ప్లేక్ రేడియేషన్ అయ్యాక కూడా ఎంఆర్ఐలో గడ్డ ఉందన్నారు. మీ అనుభవాలు చెప్పండి

గోదావరి గట్టు
అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. కుడి కంట్లో కోరాయిడల్ మెలనోమా, అంటే కంటి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ గడ్డ అన్నారు. కన్ను తీయకుండా రుథీనియం ప్లేక్ (రేడియేషన్ ఇచ్చే చిన్న రేకు) పెట్టి రేడియేషన్ ఇచ్చి నాలుగు నెలలైంది. మొన్నటి ఎంఆర్ఐ రిపోర్టులో గడ్డ ఎత్తు 4.8 మిల్లీమీటర్లు అని రాశారు. ముందు 5.1 ఉండేది. అంతే తగ్గిందా అని అమ్మ ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. డాక్టర్‌గారిని కలవడం వచ్చే గురువారం. అప్పటిదాకా ఆగలేక రాస్తున్నాను. రేడియేషన్ పని చేయనట్టేనా?

మూడేళ్ల కిందటి పేషెంట్
కాదు చెల్లీ, కంగారుపడకండి. నాదీ ఇదే జబ్బు, ఇదే వైద్యం. చొక్కా గుండీ కంటే కాస్త పెద్ద వెండి రేకు, చిన్న గిన్నెలా వంపుగా ఉంటుంది. దాన్ని కంటిగుడ్డు వెనక కుట్టి, కొన్ని రోజులుంచి తీసేశారు. మన భాభా అణు పరిశోధన కేంద్రం కూడా ఇవి తయారుచేస్తోంది.

నా గడ్డ ఆరు నెలలకు 5.6 నుంచి 5.3 అయింది. ఏడాదికి 4.1. ఇప్పుడు 2.5 దగ్గర ఆగింది. రేడియేషన్ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తుంది. చాలా కణాలు వెంటనే చావవు, విభజన చెందబోయినప్పుడు చస్తాయి. అందుకే నెలలు, ఏళ్లు పడుతుంది. చివరికి మచ్చలాంటిది మిగిలిపోతుంది కూడా. పెరగలేదు కదా, ముందు ఆ మాట అమ్మగారికి చెప్పండి.

స్కాన్ గది
నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. కంటి స్కాన్‌లో ఒక్కో స్లైస్ రెండు మిల్లీమీటర్ల దాకా మందం ఉండొచ్చు. ఏ కోణంలో కొలిచారన్నదాన్ని బట్టే 0.3 తేడా వచ్చేస్తుంది. ఆ అంకె ఒక్కటే పట్టుకుని తగ్గిందనీ అనలేం, తగ్గలేదనీ అనలేం. పాత సీడీ తప్పకుండా తీసుకెళ్లండి, పక్కపక్కన పెట్టి చూడాలి.

మెలనోమాలో ఇంకో చిక్కు ఉంది. మెలనిన్ అనే నల్లరంగు పదార్థం ఎక్కువున్న గడ్డ, టీ1 అనే రకం ఎంఆర్ఐ బొమ్మలో కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే మందు) ఇవ్వకముందే తెల్లగా మెరుస్తుంది. అందుకని ముందు బొమ్మను తర్వాతి బొమ్మలోంచి తీసేసి, కాంట్రాస్ట్ నిజంగా ఎంత పీల్చిందో చూస్తారు. డిఫ్యూజన్ అని మరో రకం ఎంఆర్ఐ బొమ్మ ఉంది, గడ్డలో నీరు ఎంత కదులుతోందో చూపిస్తుంది, ఆ కొలతనే ఏడీసీ అంటారు. కణాలు చచ్చేకొద్దీ నీరు కదలడానికి చోటు పెరుగుతుంది, ఏడీసీ విలువ పెరుగుతుంది. గడ్డ చిన్నదవకముందే ఈ మార్పు కనిపించొచ్చు. రిపోర్టులో ఏడీసీ రాశారేమో చూడండి.

ఈసారి వెళ్లేటప్పుడు కాటుక, ఐలైనర్ పూర్తిగా తుడిచేయమనండి. వాటిలోని లోహపు రంగుల వల్ల సరిగ్గా కంటి దగ్గరే బొమ్మ వంకరపోతుంది. రెప్ప మూసినా లోపల గుడ్డు కదులుతూనే ఉంటుంది. చప్పుడు మొదలయ్యాక ఒకేచోట చూస్తున్నట్టు ఉండాలి, ఆగినప్పుడు కదుపుకోవచ్చు. మేమైతే మూసిన రెప్ప మీద తడి గాజుగుడ్డ వేస్తాం, బొమ్మ శుభ్రంగా వస్తుంది.

న్యూజెర్సీ నుంచి
మా బావగారికి ఇక్కడ ప్రోటాన్ రేడియేషన్ ఇచ్చారు. గురి కోసం కంటి తెల్లగుడ్డు మీద టాంటలం క్లిప్పులు కుట్టారు, అవి అలాగే ఉండిపోతాయి. ఎంఆర్ఐ చేయించుకోవచ్చు, కాకపోతే వాటి చుట్టూ చిన్న నల్లమచ్చలు పడతాయి. ముందే చెప్పాలి. ఇంకొకటి, కన్ను బాగుందని లివర్ స్కాన్ మానకండి. ఈ జబ్బు పాకితే ఎక్కువగా కాలేయానికే పాకుతుంది. ఆయనకు ఆరు నెలలకోసారి తీస్తున్నారు.

బుజ్జిగాడి నాన్న
మావాడిది రెటినోబ్లాస్టోమా, చిన్నపిల్లల కంటికి వచ్చే వేరే క్యాన్సర్. పుట్టుకతో వచ్చే జన్యులోపం ఉన్న పిల్లలకు అదనపు రేడియేషన్ మంచిది కాదని సీటీ వద్దని ఎంఆర్ఐయే తీస్తారు, మత్తు ఇచ్చి. వాడు మెలకువ వచ్చి నీళ్లు అడిగేదాకా ఆ తలుపు దగ్గరే నిలబడతాను. మీ టెన్షన్ నాకు తెలుసమ్మా.

గోదావరి గట్టు
గురువారం వెళ్లొచ్చాం. డాక్టర్‌గారు రెండు స్కాన్లూ పక్కపక్కన తెరిచి, అదే రోజు బీ-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) కూడా తీశారు. గడ్డ పెరగలేదు, ఏడీసీ పెరిగింది, రెటీనా కింద చేరిన నీరు తగ్గింది. ఇప్పుడు చేయాల్సింది ఏమీ లేదన్నారు. రేడియేషన్ వల్ల రెటీనా వాచే అవకాశం ఉందని, చూపు మసకబారితే వెంటనే రమ్మన్నారు. అమ్మ ఆ కాగితం తనే తీసి ఫైల్లో పెట్టింది. లివర్ స్కాన్ వచ్చే నెల. ఖాళీ కడుపుతో వెళ్లాలా?

న్యూజెర్సీ నుంచి
మాకు నాలుగు గంటలు ఏమీ తినొద్దన్నారు. మీ సెంటర్‌కి ఫోన్ చేసి ఓసారి అడగండి. కాంట్రాస్ట్ ఉంటే క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) కావాలేమో కూడా అప్పుడే కనుక్కోండి.