అప్‌డేట్: కార్డు నేత పట్టీ మెలిపడటానికి కారణం దొరికింది

కార్డు నేత అంటే చిల్లులున్న కార్డుల్లోంచి దారాలు పోనిచ్చి, కార్డులు తిప్పుతూ సన్నటి పట్టీ నేయడం. అలా నేసిన పట్టీ విప్పగానే స్ప్రింగులా చుట్టుకుపోతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, తేలిపోయింది. పెన్సిల్వేనియాలో జరిగే పెన్సిక్‌లో (మధ్యయుగపు జీవితాన్ని మళ్లీ ఆడి చూపే వేడుక) మధ్యయుగపు నేత క్లాసు చెప్పినావిడ చూడగానే పట్టేశారు: నాలుగు చిల్లుల కార్డులన్నిటికీ పడుగు (పట్టీ పొడుగునా సాగే దారాలు) ఒకే వైపు నుంచి ఎక్కింది, అందుకే పురి అంతా ఒకే దిక్కుకు పడుతోంది. మళ్లీ దారం ఎక్కించక్కర్లేదు. కార్డు విడిచి కార్డును నిలువుగా పట్టుకుని ఎడమ ముఖం కుడికి వచ్చేలా తిప్పితే చాలు. కొత్తగా నేసిన భాగం చక్కగా చదునుగా ఉంది.

కార్డుల వెనక పడుగులో పేరుకునే పురి వేరే సంగతి. దానికి మీరు చెప్పిందే పనిచేసింది: కార్డులను 8 పావు చుట్లు ముందుకి, 8 వెనక్కి తిప్పడం. దిక్కు మార్చిన చోట పోగు కాస్త పొడుగ్గా తేలుతుంది, లోపం కాదు. కార్డు అట్టదా ప్లాస్టిక్‌దా అన్నదానికి దీనితో సంబంధం లేదు. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.