ఆగి కొట్టిన మొదటి పెల్లెట్ ఒక్కటే వేగంగా వెళ్తోంది, కారణం ఏమై ఉంటుంది?

నాది 10 మీటర్ల పోటీలకు వాడే 4.5 మి.మీ. పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపి ఉంచే) ఎయిర్ రైఫిల్. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి చూస్తే, వరసగా కొట్టినంతసేపూ వేగం సెకనుకు 172, 173 మీటర్ల దగ్గరే ఉంటోంది. కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే మాత్రం మొదటి పెల్లెట్ 180 దాటేస్తోంది, రెండోదానికల్లా మళ్లీ మామూలే. టార్గెట్ మీద కూడా అదొక్కటే విడిగా పడుతోంది.

పెల్లెట్లన్నీ ఒకే డబ్బాలోవి, 0.53 గ్రాములవి. తూకం వేసి, అంచులు నలిగినవి ఏరి పక్కన పెట్టాను. సిలిండర్‌లో గాలి తగినంత ఉంది.

నాకైతే రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి వచ్చే గాలి ప్రెషర్‌ను తగ్గించి ఒకే స్థాయిలో ఉంచే భాగం) మీదే అనుమానం. లోపల సీటు (మూసుకుని గాలిని ఆపే చోటు) పూర్తిగా మూసుకోక, ఆగినప్పుడు ప్రెషర్ మెల్లగా పెరిగిపోతోందేమో. హ్యామర్ స్ప్రింగ్ (గాలి వాల్వ్‌ను కొట్టి తెరిచే సుత్తిని తోసే స్ప్రింగ్) వల్లయితే ప్రతి షాట్‌కీ తేడా రావాలి కదా? ఓ-రింగులు (గాలి కారకుండా వేసే రబ్బరు రింగులు) మారిస్తే సరిపోతుందా, సీటు కూడా మార్చాలా? పెరిగిన ప్రెషర్ తగ్గించడానికి పోటీ మధ్యలో పెల్లెట్ లేకుండా గాలి వదిలేయడం కుదరదు కాబట్టి దీన్ని ముందే సరిచేసుకోవాలి. ఇలాంటి సమస్య చూసినవాళ్లు దయచేసి చెప్పండి.