పబ్లిలియస్ సైరస్ సూక్తులు: ఆయన నీతులా, పాత్రల డైలాగులా?

పాతఅటక:
నిన్న మా వాట్సాప్ గ్రూపులో ‘రోమన్ జ్ఞాని పబ్లిలియస్’ సూక్తి వచ్చింది: ‘ఒంటరిగా ఆలోచించే ఆడది చెడే ఆలోచిస్తుంది.’ కింద వరసగా దండాలు! ఈయన బానిసగా రోముకొచ్చి, విడుదలై, సీజర్ కాలంలో మైమ్ నాటకాలు రాసి తనే వేషం కట్టినవాడు. (మైమ్ అంటే మూకాభినయం కాదు, మాటలున్న హాస్యనాటకం.) నాటకాలు పోయాయి. మిగిలింది అక్షరక్రమంలో పేర్చిన సుమారు 700 ఒంటి వాక్యాలు. ఎవరు ఎవరితో అన్నారో తెలియని మాటను ఆయన నీతి అనొచ్చా?

నిమ్మతొన:
డైలాగైతే ఏంటండీ? ‘పేదకు లేనివి చాలా, పిసినారికి లేనివి అన్నీ’ అన్న వాక్యం వినగానే పచ్చి పిసినార్లు కూడా చప్పట్లు కొట్టేవారని రోమన్ తత్వవేత్త సెనెకా తన 108వ లేఖలో రాశాడు. మాటలో పస ఉంటే చాలు. సామెతకు రచయిత ఎవరని అడుగుతామా?

పాతఅటక:
సామెతకు జ్ఞాని అని సర్టిఫికెట్ తగిలించం కదా.

కృష్ణఒడ్డు:
సందర్భం తీసేస్తే ఏం పోతుందో చెప్తా. క్రీ.పూ. 46, సీజర్ జరిపిన ఆటల్లో నాటక పోటీ. లబేరియస్ 60 ఏళ్ళ పెద్దమనిషి, నాటకాలు రాస్తాడు. వేషం కడితే ఆయన హోదాకు పరువు తక్కువ. అయినా సీజర్ అడిగితే కాదనగలడా? కొరడా దెబ్బలు తిన్న సిరియా బానిసలా వచ్చి, ‘రోమన్లారా, మన స్వేచ్ఛ పోతోంది’ అని అరిచాడు. కాసేపయ్యాక ఇంకో మాట: ‘పదిమందిని భయపెట్టేవాడు పదిమందికీ భయపడక తప్పదు.’ జనం తలలన్నీ సీజర్ వైపు తిరిగాయని తర్వాతి కాలపు రోమన్ రచయిత మాక్రోబియస్ రాశాడు. బహుమతి మాత్రం పోటీలో ఉన్న పబ్లిలియస్‌కే దక్కింది. (అతనిదీ సిరియానే. ఆ వేషం అతన్ని గుచ్చడానికేమోనని నా అనుమానం.) అదే వాక్యాన్ని క్యాలెండర్ మీద అచ్చేయండి, ఒక్క తలా తిరగదు.

నిమ్మతొన:
కథ బాగుంది. కానీ ‘అలవాటు కానిచ్చాక మందలించడం కష్టం’ అన్న పబ్లిలియస్ వాక్యాన్ని క్రైస్తవ పండితుడు జెరోమ్ చిన్నప్పుడు బడిలో చదివాడు. తర్వాతెప్పుడో ఒక తల్లికి కూతురి పెంపకం గురించి రాస్తూ వాడుకున్నాడు. దానికి నాటకం ఎందుకు? మనం సుమతీ శతకం నేర్చుకోలేదా?

పాతఅటక:
నేర్చుకున్నాం, ఆడవాళ్ళను తిట్టే పద్యాలు వదిలేసి! ఏరుకుంటున్నామని ఒప్పుకోండి, నా గొడవ అంతే. గ్రూపులో ‘ఇది నాటకంలో డైలాగు, ఎవరన్నారో తెలియదు’ అని రాశాను. ఒక బాబాయ్ దానికీ దండం పెట్టాడు.