ఓటుకిచ్చే నోటు కొనేది ఓటునా, అడిగే హక్కునా?

లంకగాలి:
డెల్టాలో పోలింగుకు ముందు రెండు రాత్రులు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. బూత్ జాబితాను వీధులవారీగా విడదీస్తారు, ఇంటికెన్ని ఓట్లో చూసి టిక్కు పెడతారు, కవర్లు వెళ్తాయి. ఇరుపక్షాలూ పంచుతాయి. ఇద్దరి దగ్గరా పుచ్చుకున్నవాడు వేసేది ఒకడికే కదా, మరి రెండోవాడు ఎందుకిస్తున్నట్టు? నా ఉద్దేశంలో ఇది చదివింపుల లెక్క. పెళ్లిలో 516 చదివించినవాళ్ల పేరు పుస్తకంలో రాసుకుంటాం, వాళ్లింట్లో శుభకార్యం వస్తే పైన కొంత కలిపి చదివిస్తాం. తిరిగివ్వకపోతే మనసు ఊరుకోదు. 1971లో డెనిస్ రీగన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగంలోనూ తేలింది అదే. ఒకడు అడక్కుండానే కోక్ తెచ్చిచ్చి, కాసేపాగి లాటరీ టికెట్లు కొనమన్నాడు. కోక్ అందుకున్నవాళ్లు అందుకోనివాళ్లకు దాదాపు రెట్టింపు కొన్నారు. ఆ మనిషి నచ్చకపోయినా కొన్నారు.

వశిష్ఠ తీరం:
పోలిక సగమే నిలుస్తుందండి. ఇద్దరూ ఇచ్చాక రుణానికి రుణం చెల్లు. అప్పుడు మిగిలేది భయం. మీ ఓటు రహస్యమే, మీ పేట ఓటు మాత్రం బహిరంగం. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో తుది ఫలితాల పట్టికలో, అంటే ఫారం 20లో, వచ్చేస్తుంది. బూత్‌కు వెయ్యి, పన్నెండొందల ఓట్లు. చిన్న ఊళ్లో అది ఒకటి రెండు పేటలు, అంతే. ‘మీవాళ్లు మాకు వెయ్యలేదు’ అన్న మాట రేపు రోడ్డుకో పింఛనుకో అడ్డొస్తుందని జనం అనుకోవడానికి ఆ కాగితం చాలు. బ్యాలట్ కాగితాల రోజుల్లో బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కపెట్టే వీలు ఉండేది, ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 59ఎ నిబంధన కింద. ఈవీఎంలతో అది పోయింది. 2008లో ఎన్నికల సంఘం టోటలైజర్ అనే పరికరాన్ని ప్రతిపాదించింది. ఈవీఎంలో ఓట్ల లెక్క ఉండే పెట్టెలు, అంటే కంట్రోల్ యూనిట్లు, 14 ఒకేసారి దానికి తగిలిస్తే, ఎవరికెన్ని పడ్డాయో మొత్తం మాత్రమే చూపిస్తుంది. 2015లో లా కమిషన్ 255వ నివేదిక దాన్ని సమర్థించింది. కేంద్రం ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఇది ఘోరమైన పొరపాటు.

బాడవ రైతు:
రహస్యం ఒక్కటే చాలదని చరిత్రే చెబుతోంది. బ్రిటన్‌లో 1872 దాకా నోటితో చెప్పి ఓటేసేవారు, ఎవరు ఎవరికి వేశారో పుస్తకాలు అచ్చయ్యేవి. ఆ ఏడాది రహస్య బ్యాలట్ వచ్చింది. అయినా 1880లో సాండ్‌విచ్ ఉప ఎన్నికలో లంచం విచ్చలవిడిగా నడిచింది, రెండు వైపులా పుచ్చుకున్నవాళ్లు విచారణలో దొరికారు. ఆ నియోజకవర్గాన్నే తర్వాత ఎత్తేశారు. 1883 చట్టం ఖర్చుకు పరిమితి పెట్టి, ప్రతి పైసాకూ ఏజెంటును జవాబుదారీ చేశాకే పరిస్థితి మారింది. మన దగ్గరా 1952, 1957 ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె ఉండేది. చీటీ మీద ముద్ర వేసే పని లేదు, నచ్చిన పెట్టెలో వేయడమే. దాంతో చీటీ పెట్టెలో వేయకుండా దాచి, బయట అమ్మేసుకునే దారి దొరికింది. చీటీ మీదే ముద్ర వేసే పద్ధతి తర్వాత వచ్చింది.

ఇప్పుడు మన అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు. పార్టీకి పరిమితే లేదు. గండి అక్కడుంది.

కాలవగట్టు:
మీ ముగ్గురూ ఓటు చుట్టూనే తిరుగుతున్నారు. ఓటు పడ్డాక ఐదేళ్ల మాటేమిటి? ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఆరు శిశుకేంద్రాలు జరిమానా పెట్టాయి. 2000లో అచ్చయిన పరిశీలన ఇది. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా ఎత్తేసినా మళ్లీ తగ్గలేదు. అంతకుముందు మొహమాటం ఆపేది, డబ్బు కట్టాక అది కొన్న సేవ అయిపోయింది. కవరు చేసేదీ అదే. డ్రెయిన్లో పూడిక పేరుకుని, గుర్రపుడెక్క అల్లుకుని, చేలో నీళ్లు దిగక నారు కుళ్లుతుంటే అడగడానికి వెళ్లేవాడి గొంతు ముందే అమ్ముడుపోయి ఉంటుంది. ‘లెక్క అప్పుడే తేలిపోయింది’ అని అవతలివాడు అనక్కర్లేదు, ఇతనే అనుకుంటాడు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం దాకా వెళ్లాల్సి వచ్చింది. అడిగితే పనవుతుందన్న నమ్మకం ఉన్నచోట ఎవరూ పొలం బీడు పెట్టరు.

పుచ్చుకునే పేదవాణ్ణి తిట్టి లాభం లేదు. ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే, ఏడాది దాకా జైలు. అందుకే పుచ్చుకున్నవాడు సాక్ష్యం చెప్పడు. పేరు చెప్పకుండా ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో ఫొటో పెట్టొచ్చు, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది నియమం. కానీ ఫొటో అక్కడికక్కడే తీయాలి. అర్ధరాత్రి గుమ్మంలో చేతులు మారే కవరుకు ఫొటో ఎవరు తీస్తారు?

లంకగాలి:
భయం సంగతి ఒప్పుకుంటాను. కానీ టోటలైజర్ వస్తే బూత్‌వారీ లెక్క పోతుంది. ఒక బూత్‌లో రిగ్గింగ్ జరిగితే పట్టుకునేదెలా?

వశిష్ఠ తీరం:
ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన ఫారం 17సి పోలింగ్ ముగియగానే ప్రతి బూత్‌లోనూ ఏజెంట్ల చేతికొస్తుంది. అది అలాగే ఉంటుంది. 14 బూత్‌ల 17సి మొత్తాలు కూడితే టోటలైజర్ చూపిన అంకె రావాలి. తేడా వస్తే ఆ 14 యూనిట్లనే విడివిడిగా తెరిచి చూడాలని నిబంధనలో రాయాలి. ఒక బూత్‌లో పోలింగ్ శాతం అసహజంగా పెరిగినా 17సిలోనే కనిపిస్తుంది. దాచాల్సింది ఎన్ని పడ్డాయన్నది కాదండి, ఏ పేట ఎవరికి వేసిందన్నది.