‘ముద ముద ముద’: రక్తపిశాచి కేకకు తెలుగు మాట

‘జోజోస్ బిజార్ అడ్వెంచర్’ అనే జపనీస్ బొమ్మల కథ (మాంగా)లో విలన్ డియో అరిచే ‘ముద ముద ముద’ను తెలుగు చేస్తే ఏమనాలని నిన్న ఒకరు అడిగారు. ఎక్కువమంది ‘వృథా’ అన్నారు. అలాగే ఉంచేయమన్నవాళ్ళూ ఉన్నారు. నా ఓటు మాత్రం ‘దండగ’కే.

కథ తెలియనివాళ్ళ కోసం ముందు సందర్భం. హిరోహికో అరాకి దీన్ని 1987లో వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో మొదలుపెట్టాడు. మొదటి భాగం 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో జరుగుతుంది. అందులో ఒక రాతి ముసుగు ఉంటుంది. దానికి నెత్తురు తగిలితే చాలు, ముళ్ళు పొడుచుకొచ్చి పెట్టుకున్నవాడి తలలో దిగబడతాయి, మనిషి కాస్తా రక్తపిశాచి అయిపోతాడు. డియో అలా మారినవాడే. మూడో భాగంలో కైరోలో కనిపించేనాటికి వాడికి కాలాన్ని ఆపే శక్తి కూడా వచ్చేసింది. మొదట 5 సెకన్లు ఆపుతాడు, తనతో పోరాడే జోసెఫ్ నెత్తురు తాగాక 9. అవతలివాడు కదిలేలోపే గుద్దులు పడిపోతాయి. అలాంటివాడు ‘ముద’ అన్నాడంటే, ‘నువ్వెంత తన్నుకున్నా లాభం లేదురా’ అని. పోరాటాన్నే కాదు, ఎదుటివాడి బతుకునే తీసిపారేస్తున్నాడు.

జపాన్‌లో ఇది పుస్తకాల మాట కాదు, ఇళ్ళలో మాట. అనవసరంగా డబ్బు తగలేస్తే వినిపించేది ఇదే. టొయోటాలో తైఇచి ఓనో అనే ఇంజినీరు కర్మాగారంలో జరిగే వృథాను ఏడు రకాలుగా లెక్కగట్టింది కూడా ఈ పేరు మీదే. లీన్ (పనిలో వృథా తగ్గించే పద్ధతి) ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చిన ఇంజినీర్ల నోట ‘ముడా’ అని వినే ఉంటారు. ఇంగ్లీషు అక్షరాల మీదుగా రావడంతో ద కాస్తా డ అయింది, చివర దీర్ఘం పడింది. జపనీస్‌లో పలికేది మన ద లాగే, అదీ హ్రస్వమే. దీర్ఘం వచ్చేది డియో సాగదీసి అరిచినప్పుడు.

అలాగే ఉంచేస్తే వచ్చే చిక్కు ఆ అరుపుతోనే. ‘ముదాకరాత్త మోదకం’ నోటికొచ్చిన ఇళ్ళు మనవి. ‘ముదా’ అంటే ‘సంతోషంతో’ అని తెలిసినవాళ్ళకు, రక్తపిశాచి ‘ఆనందం, ఆనందం’ అంటూ గుద్దుతున్నట్టు వినిపిస్తుంది. ఆ పేజీలో ఉన్న కసి అంతా ఒక్క మాటతో పోతుంది.

ఇక ‘వృథా’. అర్థానికి వంక పెట్టలేం, చిక్కల్లా పలకడంలోనే. లఘువు తర్వాత గురువు, పైగా మహాప్రాణం. పదిసార్లు గబగబా అనండి, ఊపిరి థా దగ్గర ఆగిపోతుంది. ‘వ్యర్థం’ మరీ బరువు, రెండూ గురువులే. ‘ముద’లో రెండూ లఘువులు కాబట్టే పిడిగుద్దుల వేగానికి సరిపోయింది. తెలుగులో అంత తేలికైన మాట దొరకదు గానీ, ‘దండగ’ భగణం, అంటే ఒక గురువు, రెండు లఘువులు. దం మీద దెబ్బ పడుతుంది, డగ మీద చెయ్యి వెనక్కొస్తుంది, మళ్ళీ దం. ఏడు భగణాలూ ఒక గురువూ అయితే మానినీ వృత్తం కదా, చదివి చూడండి:

దండగ దండగ దండగ దండగ దండగ దండగ దండగ రా!

ఇరవై రెండు అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి కూడా కుదిరింది. వరసగా ఇన్ని గుద్దులు పట్టే పాదం మన ఛందస్సులో సిద్ధంగా ఉందంటే నాకు భలే సంతోషంగా ఉంది.

‘దండగ’ మరీ నాటుగా ఉంటుంది, డియో ప్రభువుల ఇంట పెరిగిన ఇంగ్లీషువాడు కదా అని ఒక అభ్యంతరం వచ్చింది. వాడు పుట్టింది పేదరికంలో, తాగుబోతు తండ్రికి. కథానాయకుల కుటుంబమైన జోస్టార్ల ఇంటికి చేరింది ఆ తర్వాతే. పెద్దింటి మర్యాదలన్నీ నేర్చుకున్నాడు, కోపమొస్తే మాత్రం అవి చిట్లి లోపలివాడు బయటపడతాడు. అక్కడ సంస్కృతం పెడితే మళ్ళీ ముసుగు తొడిగినట్టే. ‘వీడికి చదువు చెప్పించడం దండగ’ అనే మాటలో ఎంత తేలికభావం ఉందో, డియో గొంతులో సరిగ్గా అదే ఉంది.

ఎదురుగా మూడో భాగం హీరో జోతారో అరిచే ‘ఓరా ఓరా’కు అసలు కష్టపడక్కర్లేదు. అది మొరటుగా గద్దించే కేక, మనకు ‘ఒరేయ్’ ఉండనే ఉంది. ‘ఒరే ఒరే ఒరే’ అని ఒకడు, ‘దండగ దండగ’ అని ఇంకొకడు. ఇద్దరినీ ఒకే పేజీలో పైకి చదవండి, ఎవరు ఎవరో పేరు చెప్పకుండానే తెలుస్తుంది.

తేలాల్సింది చివరి అరుపు ఒక్కటే. జపనీస్‌లో కేక చివర చిన్న ‘త్సు’ గుర్తు పెట్టి గొంతు ఠక్కున తెగినట్టు చూపిస్తారు. దానికి నేను పొల్లు వాడతాను: ‘దండగ్!’. సాగదీయాల్సిన చోట ‘దండగా’ అని దీర్ఘమిస్తే చాలు. ఇంతకన్నా మంచి పద్ధతి తోచినవాళ్ళు కింద రాయండి.