అప్‌డేట్: మా చెల్లెలి మైగ్రేన్, బడిలో సెలవుల సమస్య

హన్మకొండలోని ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే మా చెల్లెలు మైగ్రేన్ వల్ల సెలవు పెట్టిన ప్రతిసారీ "తలనొప్పికి కూడా సెలవా?" అని యాజమాన్యం నిలదీస్తున్నదని, ఆమె తరఫున నేను వెళ్లి మాట్లాడవచ్చా అని మూడు నెలల క్రితం అడిగాను. మాట్లాడాను. అయితే ముందుగా, మీలో కొందరు సూచించినట్లు, నొప్పి ఏ రోజు వచ్చింది, ఎన్ని గంటలు ఉన్నది, వాంతులయ్యాయా, ఏ మాత్ర వేసుకున్నది అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయించాను.

ఆ పుస్తకమే మాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది. అంతకుముందు "అప్పుడప్పుడు వస్తుంది" అని మాత్రమే చెప్పి వచ్చే ఆమె, ఈసారి నరాల వైద్యుడికి లెక్క చూపగలిగింది: నెలలో 17 రోజులు మందుల దుకాణంలో కొన్న నొప్పి మాత్రలు వేసుకున్నది. మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు, మైగ్రేన్ కోసమే ఇచ్చే ట్రిప్టాన్ అనే రకం మాత్రలను 10 రోజులు, లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచవచ్చని ఆయన వివరించి, వాటిని తగ్గించి, నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు మొదలుపెట్టారు. ఇన్నేళ్లూ ఈ మాట ఎవరూ చెప్పలేదన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది.

వైద్యుడి ఉత్తరంతో బడికి వెళ్లి, ఇది మెదడుకు, నరాలకు సంబంధించిన జబ్బని, చికిత్స లేకపోతే ఒక్కో విడత 4 నుంచి 72 గంటలు ఉండవచ్చని చెప్పాను. సెలవులకు జీతం కోసే విషయంలో వారు మారలేదు. కానీ మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే తరగతి గదిని మార్చారు. నొప్పి మొదలైన వెంటనే మాత్ర వేసుకుని చీకటి గదిలో కాసేపు పడుకోవడానికి ఒప్పుకున్నారు. పోయిన వారం మరో టీచరమ్మ తనకూ అదే నొప్పి ఉన్నదని చెల్లెలితో మెల్లగా చెప్పిందట. ఇప్పుడు ఆమె కూడా ఒక నోటుపుస్తకం కొనుక్కున్నది.