అన్నం మానకుండా చక్కెర తగ్గించుకోవడం, తిన్నందుకు బాధపడకుండా ఉండటం ఎలా?

ప్రశ్న: పాలకొల్లు పంతులమ్మ

అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్ళు. పాలకొల్లు దగ్గర ఒక గ్రామంలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. జూన్ మొదట్లో చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. ఇది ఇంకా మధుమేహం కాదనీ, దాని గుమ్మం దాకా వచ్చినట్టేననీ వైద్యులు చెప్పారు. మందులేవీ రాయకుండా, ఆహారం సరిచేసుకొని మూడు నెలల తరువాత మళ్ళీ రమ్మన్నారు. సరిచేసుకోవడమంటే ఏమేమి చేయాలో అడిగే వ్యవధి అక్కడ లేకపోయింది. నా వెనుక ఇంకా ముప్పై మంది కూర్చొని ఉన్నారు.

ఇంటికి వచ్చాక నాకు తోచింది అన్నం పూర్తిగా మానివేయడమే. ఉదయం చోడి (రాగి) జావ, మధ్యాహ్నం కొర్రలు, రాత్రి రెండు పుల్కాలు చొప్పున ఏడు వారాలు గడిపాను. మూడు కిలోలు తగ్గాను. ఎనిమిదో వారంలో అమలాపురంలో మా మేనల్లుడి పెళ్ళి జరిగింది. విస్తట్లో ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు చూడగానే, ఏడు వారాలు ఎవరో నన్ను కట్టివేసి ఇప్పుడే వదిలినట్లుగా తిన్నాను. మర్నాడు పగలంతా ఏమీ తినకుండా శిక్ష వేసుకున్నాను. ఆ రాత్రి ఇంట్లో వాళ్ళు పడుకున్నాక, పెళ్ళివారు ఇచ్చిన ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెరిచి, వాటిని చుట్టిన కాగితం చప్పుడు మావారికి వినిపిస్తుందేమోనని భయపడుతూ, ఫ్రిజ్ పక్కన చీకట్లో నిలబడి నాలుగు తిన్నాను.

అప్పటి నుంచి వారానికి రెండుసార్లైనా ఇదే జరుగుతోంది. అన్నం తింటే తప్పు చేశాననిపిస్తోంది, తినకపోతే ఆ రోజు భోజనమే చేయలేదనిపిస్తోంది. అన్నం ముట్టని మనిషిని ఇంట్లో చూస్తూ తాను ఎలా తినగలనని మా అత్తయ్య గారు బాధపడుతున్నారు. మన ప్రాంతపు భోజనం వదలకుండా దీన్ని దారికి తెచ్చుకున్నవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం 1: సార్వా దాళ్వా

అమ్మా, నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విరమణ పొందినవాడిని. నాకు 58వ ఏట మధుమేహం బయటపడింది. మీరు చేసిన పనే నేనూ మొదట చేశాను, నాలుగు వారాలకే విరమించాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి తరతరాలుగా కాలువ నీటి మీద వరి పండించి, రెండు పూటలా అన్నమే తిన్న కుటుంబాల వాళ్ళం మనం. మెట్ట ప్రాంతాల వారికి జొన్న, చోళ్ళు అలవాటు కావచ్చు కాని, కొర్రలతో ఏడు వారాలకు మించి నెగ్గుకు రాలేకపోవడం మీ బలహీనత ఏమీ కాదు.

నాకు పనికి వచ్చిన ఉపాయం చాలా చిన్నది. మన భోజనం జరిగే తీరు ఒకసారి గమనించండి. ముందు పప్పన్నం, తరువాత కూరన్నం, ఆ తరువాత పులుసన్నం లేదా చారన్నం, చివర పెరుగన్నం. ఏ వంటకం వచ్చినా దానికి వేరుగా అన్నం పడుతుంది. ప్రతిసారీ ఒక్క హస్తమే, అంటే వడ్డించే గరిటెడే కదా అనుకుంటాం. మా ఆవిడ వడ్డిస్తుండగా ఒక రోజు లెక్కపెడితే, నేను ఒక పూటలో తిన్నది ఏడు హస్తాల అన్నం. ఆకలి వేసి తిన్న ఏడు కావవి. పప్పు మిగిలిందని కొంచెం అన్నం, అన్నం మిగిలిందని కొంచెం పెరుగు, ఆ పెరుగు పలచబడిందని ఇంకొంచెం అన్నం చేరి ఏడయ్యాయి.

మరుసటి రోజు నుంచి మూడు హస్తాల అన్నం ఒకేసారి కంచంలో పెట్టించుకొని, గిన్నె వంటింట్లోకి పంపించేయడం మొదలుపెట్టాను. ఆ అన్నాన్నే చేత్తో నాలుగు భాగాలు చేసుకుంటాను. పప్పు, కూర, పులుసు, పెరుగు దేనినీ వదలలేదు. ఒక్కొక్క భాగంలో అన్నం తగ్గింది కనుక కూర రెండింతలు కావలసి వచ్చింది, మా ఇంట్లో కూర వండే బాణలి కూడా పెద్దదయింది. మొదటి పది రోజులూ పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి అన్నం చాలక చిరాకు పడిన మాట నిజమే. తరువాత చెయ్యే నేర్చుకుంది.

ఇంకొక సంగతి. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, సార్వాలో, అంటే ఖరీఫ్ పంటగా మనం ఎన్నో ఏళ్ళుగా పండిస్తున్న రకం. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి 235 వరి రకాలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. తిన్న తరువాత రక్తంలోకి చక్కెర ఎంత వేగంగా చేరుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక ఆ రకాలలో 48 నుంచి 92 దాకా ఉంది. తక్కువ సూచిక గల వాటిలో మన స్వర్ణ ఒకటి. దానిని పండించి అమ్మేసి, ఇంట్లోకి మాత్రం బాగా పాలిష్ పట్టిన సన్నబియ్యం కొనుక్కోవడం మన రైతులకు అలవాటైపోయింది. నేను మాత్రం మిల్లులో తక్కువ పాలిష్ పట్టించిన స్వర్ణనే తింటున్నాను.

సమాధానం 2: కాకినాడ ఆహార నిపుణురాలు

పై వారు చెప్పిన మూడు హస్తాల పద్ధతి చాలా బాగుంది, నా దగ్గరికి వచ్చేవారికి ఇకపై నేనూ చెబుతాను. స్వర్ణ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చేయాలి. సూచిక తక్కువ కదా అని ఏడు హస్తాలు తింటే దాని వల్ల వచ్చే మేలు ఏమీ మిగలదు. రకం కన్నా పరిమాణం ముఖ్యం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలో కేలరీలు అవసరమైన వ్యక్తికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. మన ఇళ్ళలో ఈ రెండు అంకెలూ సాధారణంగా తారుమారై ఉంటాయి.

పంతులమ్మ గారూ, మీ ప్రశ్నలో నన్ను ఆపినది ఫ్రిజ్ పక్కన చీకటి. పగలంతా ఏమీ తినని శరీరం రాత్రికి వేగంగా శక్తినిచ్చే పదార్థాన్నే కోరుతుంది. ఆకలిని పెంచే హార్మోన్లకు మీ నియమాలతో నిమిత్తం లేదు. దానికి తోడు, పూర్తిగా నిషేధించుకున్న వస్తువు మీదనే మనసు తిరుగుతూ ఉంటుంది. కాబట్టి పెళ్ళిలో ఎక్కువ తిన్నదాని కన్నా, మర్నాడు మీరు చేసిన ఉపవాసమే ఆ నాలుగు పూతరేకులకు ఎక్కువ కారణం. ఇకపై ఏ రోజైనా ఎక్కువ తింటే మరుసటి పూట మామూలు భోజనమే చేయండి. ఈ ఒక్క నియమం పాటించగలిగితే మిగిలినవి చాలావరకు సులభమవుతాయి.

పూతరేకులు ఇంట్లో ఉంటే పట్టపగలు, భోజనం ముగిసిన వెంటనే, పళ్ళెంలో పెట్టుకొని అందరితో కూర్చొని ఒకటి తినండి. కడుపు ఖాళీగా ఉన్నప్పటి కన్నా, కూర, పప్పు తిన్న తరువాత తీపి తింటే చక్కెర కొంత నెమ్మదిగా పెరుగుతుంది. బెల్లం పూతరేకులైతే ఫరవాలేదని చాలామంది అనుకుంటారు కాని, రక్తంలో చక్కెర విషయంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగిన తేడా లేదు. మీకు ఏది ఎక్కువ ఇష్టమో అదే తినండి.

భోజనం మొదట్లో నాలుగు ముద్దలు ఉత్త కూరనో, పప్పునో అన్నం లేకుండా తినడం అలవాటు చేసుకోండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు వీధి చివరి దాకా నడవండి. ఉదయం జావ ఒక్కటే కాకుండా పెసరట్టు గాని, గుడ్డుతో రెండు ఇడ్లీలు గాని తింటే పదకొండు గంటలకు బడిలో నీరసం రాదు. చేపల పులుసు మంచిదే. ఎండుచేపలు, ఊరగాయల దగ్గర మాత్రం ఉప్పు గుర్తుంచుకోవాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలంటోంది. మధుమేహానికి ఇప్పటికే మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతున్నవారు ఇది చదివి అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు. చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది కనుక ముందుగా వైద్యులతో మాట్లాడాలి.

సమాధానం 3: లంక పొలం

అందరూ ఓదారుస్తున్నారు గనుక నేను కొంచెం కటువుగా చెప్పవలసి వస్తోంది, క్షమించండి. మా నాన్నగారు ఇరవై ఏళ్ళు ఏ బాధా లేకుండా తిన్నారు, చివరికి కాలి వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. తిన్నప్పుడు కొంత భయం ఉండటమే మంచిదని నా అభిప్రాయం. పండగ రోజు తినవచ్చు అనే మాట మన జిల్లాలకు పనికిరాదు. శ్రావణంలో పెళ్ళిళ్ళు, గోదావరికి ఎర్రనీరు వస్తే పులస చేప, కార్తీకంలో వనభోజనాలు, సంక్రాంతికి అల్లుళ్ళు, మధ్యలో గృహప్రవేశాలు, ఓణీల వేడుకలు. మినహాయింపులన్నీ కూడితే నియమానికి మిగిలేది ఎన్ని రోజులో లెక్కవేసుకోండి.

సమాధానం 4: కాకినాడ ఆహార నిపుణురాలు

మీ నాన్నగారి విషయం విని బాధ కలిగింది. మీరు చెప్పిన భయం వల్ల మనిషి పరీక్షకు వెళతాడు, పాదాలు చూసుకుంటాడు, అది ఉండవలసిందే. తిన్నదాన్ని దాచిపెట్టించే సిగ్గును గురించి మాత్రమే నేను మాట్లాడాను. అలా దాచుకొని తినేవారు వైద్యుడి దగ్గర కూడా నిజం చెప్పరు.

వేడుకల లెక్క విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. వేడుకలో నేను పాటించేది చెబుతాను. వడ్డన మొదలయ్యే ముందే, ఇంట్లో దొరకనిది ఈ విస్తట్లో ఏముందో చూసుకుంటాను. పనసపొట్టు కూర, బూరె ఉంటే వాటికి చోటు ఉంచి, రోజూ ఇంట్లో తినే సాంబారన్నం అక్కడ మానివేస్తాను. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. అన్నం కడుపునిండా తిని, బూరె దగ్గర వద్దని త్యాగం చేసి, ఇంటికి వచ్చాక దానిని గురించే ఆలోచిస్తారు.

సమాధానం 5: రాజోలు వంటిల్లు

అమ్మాయీ, నాకు 68 ఏళ్ళు, నేనూ ఒక ఇంటి అత్తగారినే కనుక మీ అత్తయ్య తరఫున మాట్లాడతాను. మా తరంలో ఇంటి కోడలు అన్నం తినడం లేదంటే వంట బాగాలేదనో, మనసు బాగాలేదనో అర్థం. నీవు కొర్రలు తింటున్నది చక్కెర కోసమని ఆమెకు తెలిసినా, కంచం పక్కకు నెట్టిన ప్రతిసారీ ఆమెకు తగిలేది మాత్రం ఆ పాత అర్థమే.

అందుకని అన్నం వద్దండీ అనడం మానివేసి, కూర ఇంకొంచెం పెట్టండి అని అడిగి చూడు. వడ్డించే చేతికి ఏదో ఒకటి వడ్డించడం కావాలి. కంద బచ్చలి, తోటకూర పులుసుకూర, ఆనపకాయ పాలుపోసిన కూర, మునగాకు వేసిన పప్పు, అరటిచెట్టు కొట్టిన రోజున దూట కూర వీటిలో రోజుకు రెండు చేయమని ఆమెనే అడుగు. అరటిదూట సన్నగా తరిగి, చేతికి నార చుట్టుకుంటూ తీయడం మీ వయసువాళ్ళకు చేతకాదు గనుక ఆమెకు అదొక గౌరవం. పనసపొట్టుకు మాత్రం నూనె విపరీతంగా లాగుతుంది, ఆవపెట్టి, నూనె తగ్గించి చేయమను.

బయట విందుల్లో వద్దు అన్న మాట ఎవరూ వినరు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వేస్తారు. నేనైతే విస్తట్లో కొంచెం కూర ఎప్పుడూ మిగిల్చి ఉంచుతాను. విస్తరి ఖాళీ అయితేనే వడ్డనవాళ్ళు వస్తారు.

పాలకొల్లు పంతులమ్మ, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది జరిగినట్లు రాస్తాను. మధ్యాహ్నం అన్నం మూడు హస్తాలకు, రాత్రి రెండింటికి కుదిరింది. కొర్రలు వారానికి రెండు రోజులు ఉంచుకున్నాను, అవి ఇప్పుడు శిక్షలా అనిపించడం లేదు. రాజోలు పెద్దమ్మ గారు చెప్పినట్లు కూర అడగడం మొదలుపెట్టిన నాలుగో రోజుకే మా అత్తయ్య గారు పక్కింటివారి తోటలో అరటిచెట్టు ఎప్పుడు కొడతారో కనుక్కొని వచ్చారు. భోజనం తరువాత నడక మాత్రం వానల వల్ల సగం రోజులు కుదరలేదు, వరండాలో అటూ ఇటూ తిరిగాను.

పూతరేకులు మళ్ళీ ఒకసారి ఇంటికి వచ్చాయి. భోజనం అయ్యాక అందరితో కూర్చొని ఒకటి తినాలనుకొని రెండు తిన్నాను. తప్పు చేశానన్న భావన రాలేదని చెబితే అబద్ధమవుతుంది. కాని ఆ రాత్రి భోజనం మానలేదు, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళలేదు. ఈ మూడు వారాల్లో చీకట్లో తిన్నది ఒక్కసారే, అది కూడా బడిలో పరీక్షల పని పడి మధ్యాహ్న భోజనం తప్పిన రోజున. లంక పొలం గారూ, మళ్ళీ పరీక్ష వినాయక చవితి వెళ్ళాక చేయించుకుంటాను, ఆ అంకె ఎంత వచ్చినా ఇక్కడే రాస్తాను.

స్వర్ణ కోసం మిల్లుకు వెళితే, ఇంట్లోకా అని రెండుసార్లు అడిగి, తక్కువ పాలిష్ పట్టి పాతిక కిలోలు ఇచ్చారు. మెతుకు లావుగా ఉంది గాని పప్పుకూ పులుసుకూ బాగానే కలుస్తోంది. పెరుగులోకి మాత్రం పాత సన్నబియ్యమే ఉండాలని మా అత్తయ్య గారు పట్టుబట్టడంతో, ప్రస్తుతం మా పొయ్యి మీద రెండు గిన్నెల్లో రెండు రకాల అన్నం ఉడుకుతోంది.